కతోలిక నవలలయందు గర్భవిచ్ఛిత్తి సమస్య

ధర్మశాస్త్రము సామాన్యమును విధించును. కథ విశేషమును చూపును. ఇట్టి సంకటము సంభవించినపుడు ఎవ్వరైనను ఇట్లే వర్తింపవలెనని చెప్పి శాస్త్రకారుడు విరమింపవచ్చును. కథకునకు అట్టి విరామము లేదు. ఆ "ఎవ్వరైనను" అను మాటకు ఒక పేరును, ఒక ఇంటిని, తల్లిదండ్రులను, ఇరుగుపొరుగును కల్పించి, వారి నడుమ ఆ విధి ఎట్లు నడచినదో అతడు చూపవలసియున్నది. ఈ రెండు పనులకు గల భేదము మిక్కిలి తీవ్రముగ బయల్పడు విషయములలో గర్భవిచ్ఛిత్తి యొకటి. పాశ్చాత్యదేశములందలి కతోలిక జనసంఘముల నాశ్రయించి పుట్టిన నవలలలో ఈ సమస్యను గూర్చినవి కొన్ని గలవు. వానిలో హెన్రీ మోర్టన్ రాబిన్సన్ 1950లో ప్రకటించిన "ది కార్డినల్" అను అమెరికా నవలయు, ఎడ్నా ఓబ్రియన్ 1996లో ప్రకటించిన "డౌన్ బై ది రివర్" అను ఐర్లండు నవలయు ఇచట విచార్యములు. మొదటిది మతవిధిని పాటించిన గురువు కథ; రెండవది ఆ విధి రాజ్యాంగశాసనముగ మారినపుడు దానిక్రింద నలిగిన బాలిక కథ. పక్షములు వేరైనను రెండింటియందును ఒకే ప్రశ్న నిలిచియున్నది: ఎవరి దేహమును గూర్చి వివాదము జరుగుచున్నదో, ఆమె మాట విన్నవా రెవ్వరు?

ముందుగ పదవిచారము కొంత అవసరము. తెలుగున గర్భస్రావ మను మాట తనంత జరుగుదానికిని, బుద్ధిపూర్వకముగ జరిపింపబడుదానికిని గూడ వాడబడుచున్నది. ఇచట మొదటిది గర్భస్రావ మనియు, రెండవది గర్భవిచ్ఛిత్తి యనియు వ్యవహరింపబడును. స్మృతులందలి భ్రూణహత్యాశబ్దము ఇందు వాడబడలేదు. ఆ శబ్దమునకు వేదవిదుడైన బ్రాహ్మణుని వధ యను అర్థమును గూడ వ్యాఖ్యాతలు చెప్పియున్నారు. అదియునుగాక హత్య యనగానే విచారణకు ముందే తీర్పు చెప్పినట్లగును. ఈ వివాదమునందు ఉభయపక్షములవారును పదముల నెన్నుకొనుటయందే సగము వాదమును ముగింతురు. ఇక కతోలిక నవల యనగా మఠాధిపతుల యామోదము పొందిన నవల యని యర్థము కాదు. ఏ కథయందు ఆ మతవిశ్వాసము పాత్రల సుఖదుఃఖములను నడపు శక్తిగ నుండునో అది కతోలిక నవల. ఈ లక్షణమును బట్టి, రచయిత భక్తుడైనను, మతముతో కలహించినవాడైనను అతని రచన ఈ వర్గమునకు చెందవచ్చును.

గర్భస్థశిశువును బుద్ధిపూర్వకముగ వధించుట ఏ కారణముచేతను తగదని కతోలిక సిద్ధాంతము. తల్లి ప్రాణమును గాపాడుటకైనను అది తగదని పదునొకండవ పయస్ పోపు 1930లో ప్రకటించిన వివాహధర్మ లేఖ స్పష్టపరచినది. ఐనను ఈ సిద్ధాంతమునకు సూక్ష్మమైన వివేచన యొకటి గలదు. ఒక కార్యమునకు రెండు ఫలములుండవచ్చును. వానిలో ఒకటి ఉద్దిష్టము, మరియొకటి అనుద్దిష్టము. ఆత్మరక్షణమును విచారించుచు తామస్ అక్వినాస్ పదుమూడవ శతాబ్దమున చేసిన ఈ వివేచనను పిమ్మటి పండితులు విస్తరించిరి. దానిని బట్టి గర్భిణికి గర్భాశయమున పుట్టకురుపు లేచినపుడు ఆ యంగమును తొలగించి చికిత్స చేయవచ్చును. అందువలన శిశువు మరణించినను అది ఉద్దేశింపబడిన ఫలము కాదు. శిశువునే చంపి తల్లిని రక్షించుట మాత్రము కూడదు.

ఈ భేదము కత్తి మీదికి వచ్చు స్థలము ప్రసవసంకటము. శిశువు అడ్డుపడి ప్రసవము సాగనపుడు, శిశువు తలను చితిపి వెలికిదీసి తల్లిని బ్రతికించు శస్త్రక్రియ పూర్వము వైద్యులలో నుండెను. అది ధర్మసమ్మతమని కతోలిక విద్యాలయములలో నిస్సంశయముగ బోధింపరాదని 1884లో రోము ధర్మపీఠము ప్రత్యుత్తరమిచ్చెను. మన వైద్యశాస్త్రమునకును ఈ సంకటము క్రొత్తది కాదు. సుశ్రుతుడు మూఢగర్భచికిత్సయందు సజీవమైన గర్భమును శస్త్రముతో ఛేదింపరాదని నిషేధించెను. కాని యతడు చెప్పిన హేతువు వేరు: అట్లు ఛేదింపబడు గర్భము తానును నశించి తల్లిని గూడ చంపునని యతని మాట. ఛేదించినచో తల్లి బ్రతుకు ననునప్పుడు ఏమి చేయవలయు ననునదియే కతోలికుల ప్రశ్న. రాబిన్సను నవలయందలి ముఖ్యఘట్టము ఈ ప్రశ్నమీదనే నిలిచియున్నది.

"ది కార్డినల్" బోస్టను నగరమునందలి ఐరిష్ కతోలిక కుటుంబముయొక్క కథ. తండ్రి ట్రాముబండి నడుపువాడు. కుమారుడగు స్టీఫెన్ ఫెర్మాయిల్ గురుపట్టము పొంది, క్రమముగ పోపు నెన్నుకొను కార్డినలు పదవివరకు ఎదుగును. అతని చెల్లెలు మోనా ఒక యూదుయువకుని ప్రేమించును. కుటుంబ మంగీకరింపదు. ఆమె ఇల్లు విడిచి పోవును. దారి తప్పిన పిదప గర్భవతియై దొరకును. ప్రసవము సాగదు. శిశువు తలను చితిపిననేకాని తల్లి బ్రతుకదని వైద్యుడు చెప్పి అనుమతి యడుగును. అన్న నిరాకరించును. మోనా మరణించును, ఆడశిశువు బ్రతుకును.

ఈ నవల వెలువడిన సంవత్సరమున అమెరికాయందు మిక్కిలిగ అమ్ముడుపోయిన కల్పితకథ ఇదియే. 1963లో ఆటో ప్రెమింజర్ దీనిని చలనచిత్రముగ నిర్మించెను. ఇంతటి జనాదరమునకు మూలమైన గుణము, విధికి గల మూల్యమును రచయిత దాచకుండుట. అతడు విధిని సమర్థించువాడే యైనను మోనాను ఒక దృష్టాంతముగ కాక ఇంటి ఆడుబిడ్డగ నిలిపెను. ఆమె మరణమునకు బీజము ప్రసవగృహమున పడలేదు. యూదుని కతోలిక కన్య వరింపరాదని ఇంటివారు తలుపు మూసిననాడే యది పడినది. సంఘమును రెండుగ చీల్చిన గోడయే ఆమెను వీధిలోనికి నెట్టినది. ఈ కారణకార్యసంబంధము కథలోనే యున్నది.

ఐనను ఇచట ఒక లోపము కనబడుచున్నది. కథ స్టీఫెనుది, కావున చెల్లెలి మరణము అతని యాధ్యాత్మిక ప్రయాణమున ఒక మజిలీ యగుచున్నది. నిర్ణయము మోనా నోట రాదు, అన్న నోట వచ్చును. అన్నయే గురువగుటచేత కుటుంబమును మతమును ఒకే కంఠమున పలుకుచున్నవి. వాని రెంటికిని వెలుపల ఆమెకు నిలువ చోటు లేదు. బ్రతికిన శిశువు పాఠకునకు ఓదార్పుగ మిగులును. ఆ యోదార్పు శోకమును త్వరగా చల్లార్చుటచేత కరుణరసము పరిపాకము నొందకయే కథ ముందునకు సాగిపోవును.

రెండవ నవలను గ్రహించుటకు ఐర్లండు దేశశాసనముల చరిత్ర కొంత తెలియవలెను. ఆ దేశమున గర్భవిచ్ఛిత్తి 1861నాటి బ్రిటిషు చట్టము చేతనే నేరమై యుండెను. 1929నాటి గ్రంథనియంత్రణచట్టము గర్భనిరోధమును గాని, గర్భవిచ్ఛిత్తిని గాని సమర్థించు గ్రంథములను నిషేధించుటకు అధికారమిచ్చెను. 1937నాటి రాజ్యాంగము కుటుంబమును సంఘమునకు సహజమైన మూలవిభాగముగను, శాసనములకు పూర్వమే హక్కులు గల ధర్మసంస్థగను పేర్కొన్నది. 1983లో జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున నూటికి 66.9 వంతుల ఓట్లతో ఎనిమిదవ సవరణ నెగ్గి, గర్భస్థశిశువునకు తల్లితో సమానమైన జీవనహక్కు రాజ్యాంగమున చేర్చబడెను.

1992లో ఈ సవరణకు కఠినపరీక్ష యేర్పడెను. కుటుంబమునకు పరిచితుడైన యొక వ్యక్తి దౌష్ట్యమువలన గర్భవతియైన పదునాలుగేండ్ల బాలికను తల్లిదండ్రులు ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. ప్రభుత్వ న్యాయవాది కోరగా ఉన్నతన్యాయస్థానము ఆమె దేశము విడువరాదని ఉత్తర్వు చేసెను. బాలిక ఆత్మహత్యకు పాల్పడు ప్రమాదమున్నందున ఆమె ప్రాణమునకే ముప్పు గలదని గ్రహించి సర్వోన్నతన్యాయస్థానము ఆ యుత్తర్వును కొట్టివేసెను. పిమ్మట ఆమెకు గర్భస్రావ మయ్యెను. ఆమె పేరు లోకమునకు తెలియదు. న్యాయగ్రంథములయందు ఆమె "ఎక్స్" అను అక్షరము మాత్రమే. ఆ అక్షరమునకు ఒక దేహమును, ఒక బాల్యమును కల్పించుటయే ఓబ్రియను నవల చేసిన పని.

ఎడ్నా ఓబ్రియన్ 1930లో క్లేర్ మండలమున జన్మించి, కతోలిక సన్యాసినుల పాఠశాలయందు చదివెను. 1960లో వెలువడిన ఆమె తొలినవల "ది కంట్రీ గర్ల్స్" స్వదేశమున నిషేధింపబడెను. "డౌన్ బై ది రివర్" అనగా నదీతీరమున. కథానాయిక పేరు మేరీ మెక్‌నమారా. ఆ మతమున దేవమాత పేరే యిది. వాస్తవవివాదమునకును నవలకును గల ప్రధానభేద మేమనగా, ఇచట అపరాధి పరిచితుడు కాడు, కన్నతండ్రి. తల్లి మరణించిన యింటిలో బాలికకు దిక్కు లేదు. నదిలో ప్రాణత్యాగమునకు సిద్ధపడిన ఆమెను పొరుగున నుండు బెట్టీ యను స్త్రీ కాపాడి ఇంగ్లండునకు తీసికొనిపోవును. అచటినుండి వారిని మరల రప్పింతురు. ఆ పిమ్మట ఉద్యమకారులు, వకీళ్లు, న్యాయమూర్తులు, పత్రికలవారు, ఎల్లరును ఆమెను గూర్చి మాటలాడువారే. వివాదము తేలువేళకు గర్భము తనంత స్రవించును. తీర్పు వచ్చునప్పటికి తీర్పునకు విషయమే యుండదు.

అపరాధిని తండ్రిగ మార్చుట వెగటు కలిగించుటకై చేసిన పని యని కొందరు తలంపవచ్చును. రాజ్యాంగమును స్మరించినచో దాని ప్రయోజనము తెలియును. ఏ కుటుంబమును శాసనము ధర్మసంస్థగ పూజించినదో ఆ కుటుంబము నడిబొడ్డుననే రచయిత్రి దోషమును నిలిపెను. అచట కన్నతండ్రికిని మతగురువునకును సంబోధన మొక్కటే. తెలుగు కతోలికులు సైతము గురువును ఫాదరు అనియే పిలుతురు. తండ్రి యను మాటకు గల రక్షకార్థము ఇంటిలోనే భగ్నమైనపుడు, అదే పేరుతో వచ్చు ఉపదేశము బాలిక చెవిని ఎట్లు సోకును? ఈ ప్రశ్నను రచయిత్రి వాదముగ కాక కథాసంవిధానముచేతనే వేసినది. ఐతే ఈ నవలకును లోపము లేకపోలేదు. శిశుపక్షమున నిలిచిన ఉద్యమకారుల పాత్రలు కొన్నియెడల ఒక్క రంగుతోనే చిత్రింపబడినవి. నిజమైన కరుణతో ఆ పక్షమున నిలిచినవారును ఆ దేశమున లేకపోలేదు. వారి గొంతు నిండుగ వినబడియున్నచో మేరీ సంకటము మరింత గాఢముగ తోచియుండును.

రెండు నవలలను పక్కపక్కన నుంచినపుడు వాని గుణదోషములు పరస్పరము పూరకములని తోచును. రాబిన్సను విశ్వాసిని లోపలినుండి యెరిగినవాడు. విధిని పాటించుట క్రౌర్యమువలన కాదనియు, పాటించినవాని హృదయము గూడ గాయపడుననియు ఆయన చూపెను. ఓబ్రియను బాధితురాలిని లోపలినుండి యెరిగినది. సదుద్దేశములన్నియు ఒక్కటిగ మీద పడినపుడు ఒక పసిప్రాణము ఎట్లు ఊపిరాడక పోవునో ఆమె చూపెను. గురువు కథలో ఆడుబిడ్డ గొంతు వినబడలేదు. ఆడుబిడ్డ కథలో విశ్వాసి గొంతు పలుచబడినది. ఈ రెండు గొంతులును సమానబలముతో వినిపించు నవల అరుదు. అట్టి నవలయే ఈ విషయమున ఉత్తమకావ్య మనిపించుకొనుటకు తగును.

సంఘములు మాత్రము నవలలకై వేచియుండవు. 2012లో భారతదేశమునుండి వెళ్లి గాల్వే నగరమున నివసించుచుండిన సవితా హలప్పనవర్ గర్భము నిలువదని తెలిసిన పిమ్మట విచ్ఛిత్తిని కోరగా అది నిరాకరింపబడెను. రక్తము విషదూషితమై ఆమె మరణించెను. ఈ వార్త ఆ దేశమును కదల్చినది. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయసేకరణమున 66.4 వంతుల ఓట్లతో ఎనిమిదవ సవరణ రద్దయ్యెను. 1983నాటి అంకెకును దీనికిని భేదము అత్యల్పము; ముప్పదియైదేండ్లలో మూడింట రెండువంతుల జనము ఒకవైపునుండి మరియొకవైపునకు జరిగినట్లున్నది. రెండుమారులును మూడవవంతు జనము ఓడి మిగిలినది. కతోలిక సిద్ధాంతమును మారలేదు. ఐతే గర్భవిచ్ఛిత్తి చేసికొని పశ్చాత్తాపముతో వచ్చినవారికి పాపక్షమ నిచ్చు అధికారమును ఫ్రాన్సిస్ పోపు 2016లో గురువులందరికిని స్థిరపరచెను. కావున చీలిక మానినదని చెప్పుటకు వీలులేదు. ఓడినవారును గెలిచినవారును ఒకే గుడిలో, ఒకే ఇంటిలో కలిసి బ్రతుకవలసినవారే.

"డౌన్ బై ది రివర్" చివరి ఘట్టమున మేరీ జనసమూహము నడుమ నిలిచి పాడును. మొదట కంఠము వణకును, పిదప పైకెగయును, వినువారందరును నిశ్శబ్దులగుదురు. కథ పొడవునను ఎల్లరును పలుకగా ఆమె మౌనముగ నుండెను. ఇచట ఆమె పలుకగా ఎల్లరును మౌనము దాల్చిరి. ఆ పాటయందు వాదము లేదు. ఏ పక్షమునకును జయము లేదు. మోనాకు లభింపని యవకాశము మేరీకి కడపట లభించినది.