ప్రతిభ సరే, ధైర్యం ఎవరు నేర్పాలి?

1990లో మండల్ వ్యతిరేక ఆందోళన నాడు ‘ప్రతిభ’ అన్న మాట వీధుల్లో ఊరేగింది. సీటు ఎవరికి రావాలన్నదే ఆనాటి గొడవంతా. సీటొచ్చాక వాడ నుంచి వచ్చిన పిల్లల మనసులో ఏం జరుగుతుందని అడిగినవాళ్లు తక్కువ. పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చిన పిల్ల పెద్ద కాలేజీలో నోరు విప్పదు. డౌటొస్తే పక్కవాళ్ల నోట్సులో వెతుక్కుంటుంది గానీ లెక్చరర్ని అడగదు. మొదటి పరీక్షలో మార్కులు తగ్గితే ‘నేనిక్కడికి రావాల్సినదాన్ని కాదు’ అనుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ‘స్టాండర్డ్ లేదు’ అనేస్తారు. ఇందులో తెలివి పాలెంత, కులం పాలెంత? దీన్నే ఇక్కడ వివరించదలిచాం.

కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక ప్రయోగం చేసి 2004లో ఫలితాలు ప్రకటించారు. 321 మంది అగ్రకుల పిల్లలకూ, 321 మంది కింది కులాల పిల్లలకూ కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. పజిల్ విప్పితే డబ్బులిస్తామన్నారు. ఎవరి కులమూ బయటపెట్టనప్పుడు రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందూ పేరు, తండ్రి పేరు, కులం చదివి వినిపించాక కింది కులాల పిల్లలు విప్పిన పజిళ్లు తగ్గిపోయాయి. అలాంటి పిల్లలే, పజిళ్లు అవే. మారిందల్లా ఒక్క ప్రకటన. ఇంకో సంగతి చూడండి. డబ్బు ఎవరికివ్వాలో చీటీ తీసి తేల్చే పద్ధతి పెట్టగానే ఆ తేడా మాయమైంది. అంటే ఏమిటి? మనిషి చేతిలో తీర్పు ఉంటే తమకు న్యాయం జరగదని ఆ పిల్లలకు ముందే తెలుసు. అది వాళ్ల భ్రమ కాదు, ఊరు నేర్పిన పాఠం.

మనసు పనితీరు కూడా తెలుసుకోవాలి. లెక్క చేసేటప్పుడు అంకెల్ని, మెట్లని మనసులో పట్టి ఉంచుకోవాలి. ఆ చోటు చాలా చిన్నది. ‘తప్పు చేస్తే మావాళ్లందర్నీ అంటారు’ అన్న దిగులు అందులో సగం ఆక్రమిస్తే, లెక్కకు మిగిలేది సగమే. పక్క బెంచీ పిల్లాడు ఓడిపోతే వాడొక్కడే ఓడిపోతాడు. మన పిల్లాడు ఓడితే రిజర్వేషన్ ఓడినట్టు చూస్తారు. ఈ బరువు మోస్తూ రాసిన పరీక్షకూ, మోయకుండా రాసిన పరీక్షకూ ఒకే కొలత పెట్టి దాన్ని ప్రతిభ అంటున్నారు.

అయితే ఈ దిగులును ఎదుర్కొనే నైపుణ్యాలు నేర్పితే వస్తాయి. 2011లో రామిరెజ్, బైలాక్ అమెరికాలో చూపించినదేమంటే, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థుల్లో బాగా భయపడేవాళ్ల మార్కులు మెరుగుపడ్డాయి. అదే ఏడు వాల్టన్, కోహెన్ ఇంకో పని చేశారు. కొత్తగా చేరిన విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు చదివించారు. ‘మేమూ మొదట్లో పరాయివాళ్లమే అనుకున్నాం, అందరికీ అట్లాగే ఉంటుంది, కొన్నాళ్లకు సర్దుకుంది’ అన్నది వాటి సారం. పట్టుమని గంట పని. దాంతో నల్లజాతి విద్యార్థుల మార్కులు ఆ తర్వాత మూడేళ్లపాటు మెరుగయ్యాయి.

మన దగ్గరా దాఖలా ఉంది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. వాళ్లనేమీ నేరుగా ఎవరెస్టు కిందికి తీసుకుపోలేదు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్. ఒక్కో మెట్టు దగ్గర భయాన్ని కొంచెం కొంచెం చవిచూపి, దాటించి, పై మెట్టుకు పంపారు. చదువులో భయానికీ ఇదే పద్ధతి పనికొస్తుంది. మొదట నలుగురి ముందు ఒక్క ప్రశ్న అడగాలి. తర్వాత లెక్చరర్ గదికి పోయి సందేహం తీర్చుకోవాలి. ఆ పైన సెమినార్‌లో మాట్లాడాలి. మార్కులు తగ్గినప్పుడు ‘నాకు రాదు’ అనే బదులు ‘ఇది నాకింతవరకు ఎవరూ నేర్పలేదు’ అనుకోవడం కూడా అభ్యాసంతో వచ్చేదే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. ‘పిల్లలకు ధైర్యం నేర్పండి, అన్నీ సర్దుకుంటాయి’ అనేవాళ్లతో మేం ఏకీభవించం. వాల్టన్ బృందమే 2023లో 22 విద్యాసంస్థల్లో ఈ పద్ధతిని మళ్లీ పరీక్షించి చూసింది. విద్యార్థిని నిజంగా తమవాడిగా చూసే అవకాశమున్న చోటే అది పనిచేసింది. ‘నువ్వూ మావాడివే’ అన్న మాట అబద్ధమైన చోట ఎన్ని కాగితాలు చదివించినా ఒరిగేది లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయే నాటికి, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం హాస్టల్ నుంచి బయటికి పంపిన అయిదుగురిలో ఆయన ఒకరు. వెలివేతకు మందు మనోధైర్యం కాదు, వెలి ఎత్తెయ్యడమే.

కాబట్టి పని రెండు వైపులా జరగాలి. కాలేజీలో కులం పేరు, ర్యాంకు క్లాసులో చదివి వినిపించే అలవాటు పోవాలి. దిద్దే పేపరు మీద పేరుండకూడదు. మనవైపు, గురుకులాల్లో ఇంటర్ ముగిసేలోగా ఈ నైపుణ్యాలు పాఠంగా చెప్పాలి. ముందు వెళ్లిన అన్నలు, అక్కలు వెనక వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు తమ మొదటి ఏడాది సంగతులు దాచకుండా చెప్పాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1993లో పుట్టిన అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ లాంటి సంఘాలు రాజకీయంతోపాటు ఈ పనీ చెయ్యగలవు. ఒంటరిగా కూచున్న పిల్ల పక్కన ‘నాకూ ఇట్లాగే అయింది చెల్లీ, రా’ అనే మనిషి ఒకరు ఉంటే, ఆమె చేరిన సీటు ఆమెదే అవుతుంది.