వలయం దాటిన దారులు: వ్యాధి కాలంలో కోళ్ళ, బాతుల తరలింపు నియమాలు

2025 ఫిబ్రవరి రెండవ వారంలో గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన నమూనాలలో హెచ్‌5ఎన్‌1 వైరస్ ఉన్నట్లు భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ నిర్ధారించింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలంలోని వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలంలోని కానూరు అగ్రహారం ఆ వార్తలలో మొదట వినిపించిన పేర్లు. ఫారం చుట్టూ ఒక కిలోమీటరు వరకు వ్యాధి ప్రాంతం, అక్కడి నుంచి పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం ఏర్పడ్డాయి. లోపలి వలయంలో కోళ్ళ వధ, దుకాణాల మూసివేత మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దులలో తనిఖీ కేంద్రాలు పెట్టి ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కోళ్ళ వాహనాలను వెనుకకు మళ్ళించింది.

ఆ వారంలో పిఠాపురం ఏ వలయంలోనూ లేదు. తణుకు నుంచి ఈ పట్టణానికి గగనమార్గాన చూచినా డెబ్బై కిలోమీటర్ల దూరం. నియమావళి ప్రకారం ఇక్కడి పెరటి కోడికి గాని, కోడిమాంసం దుకాణానికి గాని ఏ ఆంక్షా వర్తించదు. అయితే కాకినాడ వైపు నుంచి ఉత్తరానికి సాగే వాహనాలు 216వ నంబరు జాతీయ రహదారి మీద పిఠాపురం, గొల్లప్రోలు దాటి కత్తిపూడి వద్ద 16వ నంబరు రహదారిలో కలుస్తాయి. కోళ్ళ పరిశ్రమ దట్టంగా ఉన్న అనపర్తి, బిక్కవోలు, పెద్దాపురం ప్రాంతాలు ఇక్కడికి దూరమేమీ కావు. కుక్కుటేశ్వర స్వామి వెలసిన ఊరికి కోడి ముచ్చట కొత్త కాదు గాని, వ్యాధి శాస్త్రం దృష్టిలో ఈ ఊరి ప్రాముఖ్యం దాని గుడిలో కాక దాని దారిలో ఉంది.

వ్యాధి కాలపు తరలింపు నియమాలను బోధించేటప్పుడు తరచు జరిగే పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. విద్యార్థి వలయాన్ని గుర్తుంచుకుంటాడు. పది కిలోమీటర్ల వ్యాసార్ధమంటే 314 చదరపు కిలోమీటర్లు. పటం మీద గీస్తే పెద్దదిగానే కనబడుతుంది. వైరస్ మాత్రం వృత్తంగా వ్యాపించదు. అది వాహనం చక్రానికి, కూలీ చెప్పుకు, గుడ్ల అట్టకు, కోళ్ళ బుట్టకు అంటుకుని దారి వెంట పోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. వలయం గీసేది నిర్ధారణ జరిగిన తరువాత. మొదటి కోడి చచ్చిన నాటికీ, భోపాల్ నుంచి ఫలితం అందిన నాటికీ మధ్య కొన్ని దినాలు గడుస్తాయి. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ నియమావళి ఈ వ్యాధికి మంద స్థాయిలో పొదుగు కాలాన్ని 14 దినాలుగా లెక్కిస్తుంది. పైకి లక్షణాలు కనబడక ముందే పక్షి వైరస్‌ను విసర్జించగలదు గనుక, నిర్ధారణకు ముందటి రెండు వారాలలో ఆ ఫారం నుంచి ఏమేమి బయటికి పోయాయన్నదే మొదట తేలవలసిన ప్రశ్న.

ఈ ఖాళీని చట్టం గమనించలేదని అనుకోనక్కరలేదు. 2009 నాటి పశువుల సాంక్రామిక వ్యాధుల నివారణ, నియంత్రణ చట్టాన్ని తరచు నోటిఫికేషన్ల చట్టంగా మాత్రమే చదువుతారు. నిజానికి దాని నాలుగవ సెక్షను పశువు యజమానికి, సంరక్షకునికి ఒక బాధ్యత పెడుతుంది: షెడ్యూలులోని వ్యాధి సోకిందని నమ్మడానికి కారణముంటే గ్రామాధికారికి గాని, పంచాయతీ బాధ్యునికి గాని తెలియజేయాలి. అయిదవ సెక్షను ఆ పశువును ఇతర పశువులకు దూరంగా వేరుచేసి ఉంచమంటుంది. ఈ రెండింటికీ ప్రయోగశాల ఫలితం అవసరం లేదు, గెజిటు అవసరం లేదు, అనుమానం చాలు. తరలింపు నిషేధం కలెక్టరు ఉత్తర్వుతో మొదలవుతుందని రైతు అనుకుంటాడు. చట్టం మాత్రం అది అతని దొడ్డిలోనే, అతని అనుమానంతోనే మొదలవుతుందని చెబుతున్నది. విస్తరణ శాస్త్రవేత్త గ్రామంలో చెప్పవలసిన మొదటి మాట ఇదే.

ఇదే చట్టంలో విద్యార్థులు తారుమారు చేసే రెండు పదాలున్నాయి. ఆరవ సెక్షను కింద ప్రకటించేది ‘నియంత్రిత ప్రాంతం’. అక్కడ ఒక జాతి పశువులన్నిటికీ నిర్బంధ టీకా, టీకా ధ్రువపత్రం లేకుండా తరలింపు నిషేధం. ఇరవయ్యవ సెక్షను కింద ప్రకటించేది ‘వ్యాధిగ్రస్త ప్రాంతం’. వ్యాధి అక్కడ అప్పటికే అడుగుపెట్టింది. సంతలు, జాతరలు, ప్రదర్శనల మీద నిషేధం, తనిఖీ కేంద్రాల ఏర్పాటు రెండింటికీ చెల్లుతాయి. పశువులలో గాలికుంటు వ్యాధికి మొదటి పద్ధతి సహజంగా సరిపోతుంది. మన దేశంలో కోళ్ళకు హెచ్‌5ఎన్‌1 టీకా అమలులో లేదు గనుక ధ్రువపత్రం మీద కోడిని కదిలించే వీలే లేదు. ఆపడం, వధించడం, శుద్ధి చేయడం మాత్రమే మిగిలిన ఉపాయాలు.

పశువుకూ కోడికీ మరొక తేడా కూడా గుర్తించవలసినదే. ఆవుకు, గేదెకు చెవిలో పన్నెండు అంకెల ట్యాగు ఉంటుంది. సంతలో చేతులు మారినా దాని పుట్టుపూర్వోత్తరాలు వెదకవచ్చు. కోడికి అట్టి గుర్తు లేదు. కోడిని వెదకాలంటే వాహనాన్ని, బిల్లును, క్రేటును వెదకాలి. గుడ్లు పెట్టడం తగ్గిన లేయరు కోళ్ళను వ్యాపారి ఒకే ప్రయాణంలో రెండు మూడు ఫారాలలో ఎత్తి నాలుగైదు ఊళ్ళ దుకాణాలలో దింపుతాడు. ఖాళీ క్రేట్లు కడగకుండా మరునాడు మరొక ఫారానికి చేరుతాయి. తనిఖీ కేంద్రం దగ్గర సిబ్బంది సాధారణంగా నిండు లారీని ఆపుతారు. ఖాళీ లారీ సాగిపోతుంది. ప్రమాదం విషయంలో రెంటికీ పెద్ద తేడా లేదు.

గోదావరి డెల్టాలో రోడ్డు కానటువంటి దారులు కూడా ఉన్నాయి. కోళ్ళ ఎరువు పొలాలకూ చేపల చెరువులకూ పోతుంది. నిషేధం ఉన్నా కోడి వ్యర్థాలు చేపల మేతగా తరలుతూనే ఉన్నాయి. చచ్చిన కోడిని పూడ్చడానికి బదులు కాలువలోకి విసిరితే, ఆ నీరు ఏ గ్రామం రేవుకు, ఏ బాతుల మందకు చేరుతుందో ఊహించడం కష్టం కాదు. తేమతో కూడిన చల్లని రెట్టలో ఈ వైరస్ వారాల తరబడి జీవించగలదు. ఫిబ్రవరి నెలలో డెల్టా కాలువ గట్టు దానికి అనుకూలమైన చోటు. లోతైన గొయ్యి, సున్నం, గట్టిగా కప్పిన మన్ను: ఖర్చు తక్కువైన ఈ పని కూడా తరలింపు నియమాలలో భాగమే, ఎందుకంటే కళేబరం కూడా కదులుతుంది.

బాతుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. సార్వా కోతలయ్యాక, మళ్ళీ దాళ్వా కోతలయ్యాక, రాలిన గింజ మీద మేపడానికి బాతుల మందలు పొలం నుంచి పొలానికి, మండలం నుంచి మండలానికి సాగుతాయి. బాతుకు హెచ్‌5ఎన్‌1 సోకినా చాలాసార్లు ఆరోగ్యంగానే కనబడుతుంది. చావులు లేవు గనుక ఎవరూ కబురు చెయ్యరు. థాయిలాండ్ దీనిని బాధపడి నేర్చుకుంది. అక్కడ 2004 జులైలో మొదలైన రెండవ విడత వ్యాప్తిలో, ఏటా రెండు మూడు పంటలు పండే వరి భూములలో స్వేచ్ఛగా మేసే బాతులు వ్యాధి నిలిచి ఉండటానికి కీలకమని తేలింది. మారియస్ గిల్బర్ట్ బృందం 2006లో ప్రకటించిన విశ్లేషణ ఈ సంబంధాన్ని పటాల మీద చూపింది. ఆ దేశం మందల సంచారాన్ని కట్టడి చేసి, పెంపకాన్ని కొట్టాలలోకి మళ్ళించింది. రెండు పంటల వరి, కాలువల జాలం, సంచార బాతులు మన డెల్టాలోనూ ఉన్నవే. కోళ్ళ లారీకి తనిఖీ కేంద్రం పెట్టి, గట్టు మీద నడిచిపోయే బాతుల మందను చూచీచూడనట్లు విడిచిపెట్టడం సగం నియమమే అవుతుంది. అయితే బాతుల కాపరికి ఆ గింజే మేత ఖర్చు. మంద నిలిపివేస్తే మేతకు ఎవరు ఇస్తారన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేకుండా నిషేధం విధిస్తే, అతడు రాత్రివేళ మందను కదిలిస్తాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. వ్యాధి వార్త వినగానే కోళ్ళ యజమాని మొదట చేసే పని తెగనమ్మడం. నియంత్రణ దృష్టితో చూస్తే ఇంతకంటె హానికరమైన తరలింపు మరొకటి లేదు. దానికి కారణం దురాశ కంటె భయమే ఎక్కువ. పరిహారం నియమం ఆ భయాన్ని రెండు విధాల తాకుతుంది. ప్రభుత్వం వధించిన పక్షులకు పరిహారం ఉంది; ఆ భారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం మోస్తాయి. వ్యాధితో ముందే చచ్చిన పక్షులకు లేదు. ఈ తేడా తెలియని రైతు కబురు చేయడం వల్ల నష్టమే కలుగుతుందనుకుంటాడు. తెలిసిన రైతుకు లెక్క తిరగబడుతుంది: ఆలస్యమైన ప్రతి దినమూ పరిహారానికి అర్హమైన పక్షుల సంఖ్యను తగ్గిస్తుంది. పది నాటుకోళ్ళు పెంచుకునే పిఠాపురం పల్లెల మహిళకు ఈ మాట వ్యాధి లక్షణాల పట్టిక కంటె ఎక్కువ ఉపయోగం. ఆమెకు ఆ కోళ్ళే చేతిలోని రొక్కం. వాటిని తీసుకుపోయే బృందం లెక్క రాసి, సంతకం చేసిన కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిందా లేదా అన్న దాని మీదనే పక్క వీధిలోని ఇల్లు మరునాడు తలుపు తీస్తుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

జరిమానా మీద ఆశ పెట్టుకోవడం వ్యర్థం. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘించినవారికి గరిష్ఠంగా వెయ్యి రూపాయలు, అది చెల్లించకపోతే నెల లోపు జైలు. మళ్ళీ తప్పు చేస్తే రెండు వేలు లేదా రెండు నెలలు. సంక్రాంతి బరిలోకి దిగే పందెం కోడి వెలలో ఇది ఏ మూలకూ రాదు. పందేలు చట్టవిరుద్ధమైనా, ఆ రోజులలో కోళ్ళు జిల్లాలు దాటి చేతులు మారతాయన్నది గోదావరి వాసులకు చెప్పనక్కరలేని సంగతి. దూరదూరాల పక్షులను ఒకే చోట చేర్చి, గాయపరచి, మళ్ళీ దూరదూరాలకు పంపే ఏర్పాటు వ్యాధి శాస్త్రానికి ఎంత పీడకలో ఆలోచించవచ్చు. ఫిబ్రవరి వలయాలు ఆ ప్రయాణాలన్నీ ముగిశాక వచ్చేవి.

మనుషుల ప్రాణమూ ఇందులో ఇమిడి ఉంది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక చిన్నారి హెచ్‌5ఎన్‌1 సోకి మరణించింది. బాగా ఉడికిన మాంసం, గుడ్డు వల్ల భయం లేదన్నది ఎంత నిజమో, పచ్చి మాంసాన్ని, జబ్బు కోడిని చేతితో తాకేవారికి ముప్పు ఉన్నదన్నదీ అంతే నిజం. కోళ్ళ ఎత్తుబడి కూలీలకు ముఖముసుగు, చేతితొడుగులు తరలింపు అనుమతికి షరతుగా ఉండదగినవి.

ఆరవ సెక్షను ప్రకటన గురించి ఒక చిన్న వివరం ఆసక్తికరమైనది. దాని సారాంశాన్ని స్థానిక భాషా పత్రికలో ప్రచురించడంతో పాటు ఆ ప్రాంతంలో డప్పు కొట్టి బిగ్గరగా చాటించాలని శాసనం చెబుతుంది. ఇరవై ఒకటవ శతాబ్దపు చట్టంలో దండోరా! నవ్వు వచ్చినా, పత్రిక చదవని బాతుల కాపరికి, ఫోను లేని వృద్ధురాలికి చేరే మార్గం అదే కావచ్చు. దండోరా వేసేవాడు ఏం చెప్పాలన్నది ముందుగా రాసి ఉంచుకున్న మండలాలు తక్కువ.

వ్యాధి లేని నెలలలో చేయదగిన పని మరొకటి ఉన్నది. దానికి నోటిఫికేషను అక్కరలేదు. పిఠాపురం వంటి ఒక మండలాన్ని తీసుకుని, ఒక్కొక్క కోడిమాంసం దుకాణానికి ఏ వారం, ఏ ఊరి నుంచి, ఎవరి వాహనంలో కోళ్ళు వస్తున్నాయో, క్రేట్లు ఎక్కడ కడుగుతున్నారో, ఏ నెలలో ఏ దిక్కు నుంచి బాతుల మందలు ఏలేరు ఆయకట్టు పొలాలలో దిగుతున్నాయో విద్యార్థులు రాసి పెట్టవచ్చు. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకునికి ఇందులో సగం ఇప్పటికే నోటికి వచ్చి ఉంటుంది. మిగిలిన సగం దుకాణదారుకు తెలుసు. వ్యాధి లేని నాడు అడిగితే చెబుతాడు.