లైబ్రేరియన్‌కు తొలి ప్రమోషన్‌: నాలుగేళ్లా, ఆరేళ్లా?

యూనివర్సిటీలో అసిస్టెంట్‌ లైబ్రేరియన్‌గానో, కాలేజీ లైబ్రేరియన్‌గానో యూజీసీ స్కేలులో రెగ్యులర్‌ ఉద్యోగంలో చేరారా? అయితే తొలి ప్రమోషన్‌ కోసం పైపోస్టు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు. కెరీర్‌ అడ్వాన్స్‌మెంట్‌ స్కీమ్‌ కింద వచ్చేది మీకు వ్యక్తిగతంగా ఇచ్చే ప్రమోషన్‌. మీరు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ పాత కేడర్‌కే వెళ్తుంది.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం లెవెల్‌ 10 నుంచి 11కు వెళ్లాలంటే లైబ్రరీ సైన్స్‌లో పీహెచ్‌డీ ఉన్నవారికి 4 ఏళ్లు, ఎంఫిల్‌ ఉన్నవారికి 5 ఏళ్లు, రెండూ లేనివారికి 6 ఏళ్ల సర్వీసు నిండాలి. ప్రారంభ మూలవేతనం రూ.57,700 అయితే, పై లెవెల్‌ రూ.68,900తో మొదలవుతుంది.

సర్వీసు ఒక్కటే చాలదు. 21 రోజుల ఓరియంటేషన్‌ కోర్సు, ఆటోమేషన్‌, డిజిటలీకరణపై కనీసం 5 రోజుల శిక్షణ ఉండాలి. కాలేజీ మొత్తానికి మీరొక్కరే లైబ్రేరియన్‌ అయితే 21 రోజులు వదిలిపెట్టడమే అసలు సమస్య. అందుకే ఆఖరి ఏడాది దాకా ఆగకుండా రెండో ఏడాదే ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా అడగండి. వార్షిక నివేదికల్లో హాజరుకూ గ్రేడు ఉంటుంది: 90 శాతం, ఆపైన ఉంటే గుడ్‌, 80 దాటితే సంతృప్తికరం. ఒక్క ఏడాది గ్రేడు తగ్గినా పర్వాలేదు, మిగతా ఏళ్లవి బాగుండాలి.

అన్నీ సరిపోతే అర్హత వచ్చిన తేదీ నుంచే ప్రమోషన్‌ లెక్కిస్తారు. మొదటిసారి కమిటీ కాదంటే, తర్వాత నెగ్గిన తేదీ నుంచే. ఆ మధ్యకాలం పై జీతం పోయినట్టే.

ఆర్కైవిస్టు హోదా ఈ నిబంధనల్లో లేదు. యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో చేరేవారు నియామక ఉత్తర్వులో ఏ హోదా రాశారో చేరేముందే చూసుకోవాలి.