గోదావరి లోయలో ధ్రువ ప్రాంతపు ఆనవాళ్ళు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• తాల్చీర్ శిలలు హిమానీనదాల నిక్షేపాలని చెప్పడానికి గల ఆధారాలను వివరించగలుగుతారు.
• గోదావరి లోయ బొగ్గుకూ అంటార్కిటికా బొగ్గుకూ గల సంబంధాన్ని తెలపగలుగుతారు.
• గతకాలపు శీతోష్ణస్థితి అధ్యయనం నేడు ఎందుకు అవసరమో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వేసవిలో రామగుండం, గోదావరిఖని ప్రాంతాల ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అదే నేల సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట మంచు ప్రభావంలో ఉండేదని శిలలు చెబుతున్నాయి. ఆనాటి ఉష్ణోగ్రతను కొలిచినవారు లేరు. కాబట్టి భూవిజ్ఞాన శాస్త్రవేత్త రాళ్ళనూ శిలాజాలనూ సాక్ష్యాలుగా తీసుకుంటాడు.

ఈ లోయను క్రమబద్ధంగా పరిశీలించినవారిలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ముఖ్యుడు. ఆయన 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. ప్రాణహిత–గోదావరి లోయ భూవిజ్ఞానంపై ఆయన గ్రంథం 1881లో వెలువడింది. సింగరేణి గనుల్లోని 'కింగ్ సీమ్'కు ఆయన పేరే పెట్టారు.

2. తాల్చీర్ శిలలు: మంచుకు సాక్ష్యం

ఈ లోయలో బొగ్గు ప్రధానంగా బరాకర్ శిలల్లో దొరుకుతుంది. వాటి కింద ఉన్నవి తాల్చీర్ శిలలు. ఒడిశాలోని తాల్చేరులో ఇలాంటి శిలలను చూసి, అవి మంచు వల్ల ఏర్పడి ఉంటాయని బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ 1856లోనే సూచించారు. దీనికి మూడు ఆధారాలున్నాయి.

అ) కలగాపులగపు అమరిక: గోదావరి ఒడ్డున గమనించండి. నీటి వేగాన్నిబట్టి ఇసుక ఒకచోట, గులకరాళ్ళు మరొకచోట చేరతాయి. తాల్చీర్ పొరలో మాత్రం మెత్తని మట్టిలోనే పెద్ద బండరాళ్ళు కూరుకుపోయి ఉంటాయి. కదిలే మంచు దేన్నీ వేరుచేయదు, అన్నిటినీ కలిపి మోసుకొచ్చి కరిగినచోట వదిలేస్తుంది.

ఆ) గీతలు: మంచులో చిక్కుకున్న రాళ్ళు నేలకు రాసుకొని ఒకవైపు చదునై, గీతలు పడతాయి. చంద్రపూర్ ప్రాంతంలోని ఇరాయి వద్ద తాల్చీర్ కింద ఉన్న సున్నపురాయిపై ఇలాంటి గీతలున్నాయి. ఫెడెన్ వీటిని 1875లో వివరించాడు.

ఇ) జారిపడిన రాళ్ళు: తేలే మంచుగడ్డ కరిగినప్పుడు అందులోని రాయి నీటి అడుగున ఉన్న సన్నని మట్టిపొరలపై పడి వాటిని వంచుతుంది.

3. బొగ్గు, గ్లాసోప్టెరిస్

మంచు తగ్గాక పెర్మియన్ యుగంలో ఇక్కడ చిత్తడి అడవులు పెరిగాయి. వాటిలో ముఖ్యమైనది నాలుక ఆకారపు ఆకులున్న గ్లాసోప్టెరిస్. బొగ్గు ఏర్పడడానికి ఉష్ణమండలమే కావాలనుకోవడం పొరపాటు. నీరు నిలిచి, గాలి అందక, మొక్కల అవశేషాలు పూర్తిగా కుళ్ళకపోతే చాలు. గోండ్వానా శిలాజ కలపలోని స్పష్టమైన వృద్ధి వలయాలు ఋతుభేదం గల చల్లని వాతావరణాన్ని సూచిస్తాయి.

1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం వద్ద శిలాజాలను సేకరించింది. ఆకలితో, చలితో ప్రాణాలు పోతున్నా సుమారు 16 కిలోల రాళ్ళను వారు విడిచిపెట్టలేదు. వారి మృతదేహాల దగ్గర అవి దొరికాయి. 1914లో సీవార్డ్ వాటిలో గ్లాసోప్టెరిస్‌ను గుర్తించాడు. తూర్పు అంటార్కిటికాలోని ప్రిన్స్ చార్లెస్ పర్వతాల్లోనూ పెర్మియన్ బొగ్గు పొరలున్నాయి. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు గోండ్వానాలో కలిసి ఉండేవనడానికి ఇది బలమైన ఆధారం.

4. నేటి ప్రాముఖ్యం

ఇక్కడ ఒక సందేహం రావచ్చు: భారత భూభాగం ఉత్తరానికి జరగడం వల్లనే ఆ మంచు కరిగిందా? కాదు. మంచు తగ్గే నాటికి ఈ భూమి ఇంకా దక్షిణాన దూరంగానే ఉంది, సుదీర్ఘ ప్రయాణం తరవాతి కథ. అందుకే ఆనాటి మంచు కరగడంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుదల పాత్రను శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు.

1991 మాడ్రిడ్ ఒప్పందం అంటార్కిటికాలో ఖనిజ తవ్వకాలను నిషేధించింది. అక్కడి బొగ్గు నేలలోనే ఉంది. ఇక్కడిది వేల కుటుంబాలకు అన్నం పెడుతోంది, ఇళ్ళకు వెలుగునిస్తోంది. కాని ఆ అడవులు గాలి నుంచి తీసుకొని కోట్ల ఏళ్ళు దాచిన కార్బన్‌ను మనం కొన్ని తరాల్లోనే తిరిగి గాలిలోకి పంపుతున్నాం. ఈ రెండు వాస్తవాలనూ కలిపి ఆలోచించడం బొగ్గు ప్రాంత విద్యార్థికి తప్పనిసరి.

5. మీ ప్రగతిని సరిచూసుకోండి

1) నది నిక్షేపానికీ హిమానీనద నిక్షేపానికీ గల తేడా ఏమిటి?
2) వృద్ధి వలయాలు దేన్ని సూచిస్తాయి?
3) ఖండ చలనం ఒక్కటే పెర్మియన్ నాటి మంచు కరగడాన్ని ఎందుకు వివరించలేదు?