సర్పి: తొలి 72 గంటలే కీలకం

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనికి ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి. వాటిలో పెద్దతరం ఇప్పుడు రిటైరై ఉంది. సర్పి ఎక్కువగా వచ్చేది ఆ వయసులోనే.

చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ నాడీకణాల్లో దాగి ఉండి, రోగనిరోధక శక్తి తగ్గాక మళ్లీ విజృంభిస్తుంది. ఒంటికి ఒకవైపు మంటతో, పట్టీలా నీటి పొక్కులు లేస్తాయి. మన సర్పిలాగే చైనా సంప్రదాయ వైద్యం పెట్టిన పేరులోనూ పాము ఉంది.

ఆ వైద్యంలో ఆక్యుపంక్చర్, కప్పింగ్, మూలికలు వాడతారు. పొక్కులు వచ్చి మూడు నెలలు దాటినా వదలని నరాల నొప్పిని ఆక్యుపంక్చర్ కొంత తగ్గిస్తుందని కొన్ని అధ్యయనాలు అంటున్నాయి. అయితే వాటిలో చాలావరకు చిన్నవి, ఆధారం బలహీనం. మూలికలన్నీ క్షేమమూ కావు. సర్పికి ఇచ్చే లాంగ్‌డాన్ షియెగాన్ మందులో కలిపిన ఒక తీగజాతి మొక్క మూత్రపిండాలను దెబ్బతీయడంతో, 2003లో చైనా దాని వాడకాన్ని ఆపేసింది.

వైరస్‌ను అడ్డుకునేది ఎసైక్లోవిర్ వంటి మందు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. కంటి దగ్గర లేస్తే అసలు ఆలస్యం కూడదు. మిగిలిపోయిన నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటివి డాక్టర్లు రాస్తారు. ఆక్యుపంక్చర్ వీటికి తోడు కావచ్చు, బదులు కాదు. 50 దాటినవారికి సర్పి టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది.