చల్లని గాలి ఎక్కడ ఆగింది?

గత మే నెలలో దగ్గరి బంధువుల ఇంట జరిగే నికాహ్‌కు మేము కర్నూలు నుండి హైదరాబాదుకు బయలుదేరాము. పిల్లలూ పెద్దలూ కలసి ఎనిమిది మందిమి, ఒకే వ్యాను. డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మీ కూడా మాతోనే ఉన్నారు. ఆమెకు చాలాకాలంగా ఉబ్బసం. కొత్తకోట దాటిన కొద్దిసేపటికి వ్యానులో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ఏసీ మీట వెలుగుతూనే ఉంది. గాలి మాత్రం చుక్క రావడం లేదు. అద్దాలు దించితే వడగాలి, దుమ్ము. ఎత్తితే ఉక్క. పావుగంటలో అమ్మీ ఊపిరి బరువెక్కింది.

రోడ్డు పక్కన ఒక ధాబా నీడలో ఆపి, ఆమెకు ఇన్‌హేలర్ ఇచ్చి కూర్చోబెట్టాము. ఫ్యూజుల పెట్టె తెరచి చూస్తే బ్లోయర్‌కు సంబంధించిన 30 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోయి ఉంది. అదే కొలత గల కొత్తది వేశాము. నిమిషంలోపే అదీ పోయింది. "ఫ్యూజు బదులు రాగి తీగ చుడితే సరిపోదా అబ్బా?" అన్నాడు మా పెద్దబ్బాయి. ఆటో ఎలక్ట్రీషియన్‌గా ముప్పై ఏళ్ల అనుభవం గల మామూజాన్‌కు ఫోను చేశాము. "అలా చేయవద్దు బేటా! ఫ్యూజు కాలిందంటే ఎక్కడో వైరు కాలకుండా అది కాపాడిందన్న మాట. తీగ చుడితే ఈసారి డాష్‌బోర్డు కింద మంట పుడుతుంది. ఎండ తగ్గేదాకా కదలకండి" అన్నారు. అలాగే చేశాము. హైదరాబాదు చేరేసరికి నికాహ్ ముగిసిపోయింది. తన మనుమరాలి వరుస అయిన పెళ్లికూతురికి ఆ ఘడియలో పక్కన ఉండి దుఆ ఇవ్వలేకపోయానన్న బాధ అమ్మీకి నేటికీ ఉంది.

నిజానికి హెచ్చరిక మూడు వారాల ముందే అందింది. అప్పుడు బ్లోయర్ ఒకటి, రెండు, మూడు అంకెలపై తిరగక, నాలుగవ అంకెపై మాత్రమే తిరిగేది. మా వీధి ఉస్తాద్ చూసి, "రెసిస్టర్ పోయింది భాయ్. కాని అది ఊరికే పోదు. మోటారు కూడా విప్పి చూద్దాం" అన్నారు. బిల్లు పెంచడానికే అలా అంటున్నారని మేము అనుకున్నాము. "రెసిస్టర్ ఒక్కటి మార్చండి చాలు" అన్నాము. ఆయన మరేమీ మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

తిరిగి ఇంటికి వచ్చిన తరువాత మామూజాన్ స్వయంగా వచ్చి, మా చేతనే వ్యాను విప్పించారు. ఆ రోజు మేము నేర్చుకున్నది ప్రతి ఇంటికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాము.

ముందుగా లక్షణాన్ని బట్టి లోపాన్ని ఊహించాలి. అన్నిటికన్నా ఎక్కువ వేగంపై మాత్రమే గాలి వస్తుంటే తప్పు సాధారణంగా రెసిస్టర్‌ది. తక్కువ వేగాలలో విద్యుత్తు దాని గుండా వెళుతుంది. గరిష్ఠ వేగంలో దానిని దాటి నేరుగా మోటారుకు చేరుతుంది. ఏ వేగంలోనూ గాలి రాకుంటే ఫ్యూజు, రిలే, స్విచ్చి, వైర్లు, మోటారు – అన్నిటినీ వరుసగా చూడాలి. మోటారును మెల్లగా తట్టినప్పుడు తిరిగి, మళ్లీ ఆగిపోతుంటే లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండవచ్చు. కీచుమనే శబ్దం వస్తే బేరింగు ఎండిపోయిందని, గరగరమంటే చక్రంలో ఆకో పుల్లో చిక్కుకుందని భావించాలి. ఆటోమేటిక్ ఏసీ గల వాహనాలలో రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది కనుక వాటిని తెలిసినవారికే అప్పగించడం మంచిది.

తరువాత పరీక్ష. మన వాహనాలలో బ్లోయర్ మోటారు ఎక్కువగా ఎడమవైపు, గ్లవ్‌బాక్సు వెనుక ఉంటుంది. ఫ్యూజు సరిగా ఉండి మోటారు తిరగకుంటే, స్విచ్చి గరిష్ఠ వేగంలో పెట్టి, మోటారుకు వచ్చే వైర్ల వద్ద మల్టీమీటరుతో కొలవాలి. దాదాపు 12 వోల్టులు అందుతున్నా మోటారు తిరగడం లేదంటే లోపం మోటారులోనే ఉంది. అంత అందడం లేదంటే లోపం అంతకు ముందున్న దారిలోనో, ఎర్త్ వైరులోనో ఉంది. ఈ ఒక్క కొలత తీసుకోకుండా మోటారు కొనేవారు డబ్బు వృథా చేసుకుంటారు.

మా వ్యానులో కొత్త ఫ్యూజులు వరుసగా కాలుతున్నాయి కనుక మామూజాన్ నేరుగా మోటారునే విప్పించారు. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీయించారు. మూడు స్క్రూలు విప్పగానే మోటారు చేతికి వచ్చింది, దానితోపాటు దోసెడు ఎండిన వేపాకు, వేపపూత కూడా. నీడ కోసమని మేము ఏడాదిగా వ్యానును వేపచెట్టు కిందే నిలుపుతున్నాము. వైపర్ల కింద ఉన్న జల్లెడ గుండా ఆకులు లోపలికి జారాయి. కేబిన్ ఫిల్టర్ అమర్చే గది ఉన్నా అందులో ఫిల్టర్ లేదు. తడి చెత్త చక్రానికి రాసుకుంటూ, మట్టి బేరింగులో చేరి, అది బిగుసుకుపోయింది. చక్రాన్ని వేలితో తిప్పితే కదలలేదు.

కథ అంతా అప్పుడు అర్థమయింది. బిగుసుకున్న మోటారు తిరగడానికి మామూలుకన్నా ఎక్కువ విద్యుత్తు లాగింది. రెసిస్టర్‌ను గాలి గొట్టంలోనే అమర్చేది ఆ గాలికే అది చల్లబడాలని. గాలి తగ్గి, విద్యుత్తు పెరిగేసరికి అది మాడిపోయింది. దానిని మార్చి అసలు కారణాన్ని వదిలేశాము. చివరకు మోటారు పూర్తిగా పట్టేసి ఫ్యూజులను తినడం మొదలుపెట్టింది. కొత్త రెసిస్టర్ కనెక్టరు కూడా వేడికి గోధుమరంగుకు తిరిగి, కరగడం ఆరంభించింది.

కొత్త మోటారు, కొత్త కనెక్టరు వేశాము. గొట్టంలోని చెత్తను వాక్యూమ్‌తో లాగి, ఫిల్టర్ అమర్చి, జల్లెడను శుభ్రపరచాము. బ్యాటరీ కలిపి మీట తిప్పగానే నాలుగు వేగాలలోనూ గాలి వచ్చింది. ఇప్పుడు వారానికొకసారి వైపర్ల కింది ఆకులు తీయడం మా చిన్నబ్బాయి బాధ్యత.

పని ముగిశాక మామూజాన్ చేతులు కడుక్కుంటూ, "మీ ఉస్తాద్ మొదటి రోజే నిజం చెప్పాడు" అన్నారు. ఆ మాట మమ్మల్ని నిలువనివ్వలేదు. మేము ఆయనను మోసగాడని నోటితో అనలేదు, నిజమే. మనసులో మాత్రం తీర్పు చెప్పేశాము. ఆ దురనుమానానికి మూల్యం చెల్లించింది మాత్రం అమ్మీ.

ఆ సాయంత్రం ఆయన దుకాణానికి వెళ్లి, మాడిన రెసిస్టర్‌ను చూపించి, మాఫీ అడిగాము. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మీ ఎలా ఉన్నారు భాయ్?" అని మాత్రం అడిగారు. ఆపై ఒక స్టూలు మా వైపు జరిపి, టీ తెమ్మని కుర్రవాణ్ణి పంపారు.