జీతానికి 45 రెట్లు

సాయంత్రం క్లాసులయ్యాక మన కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన కాసేపు నిలబడి చూడండి. అరుపులన్నీ తమిళంలో, స్కోరు మాత్రం ఇంగ్లీషులో. పది మంది ఆడుతున్నా బంతి ఎక్కువసేపు ఒకమ్మాయి చేతిలోనే ఉంటుంది. తను బంతి వంక చూడదు. ఎవరు ఎటు పరుగెత్తాలో కళ్ళతో, వేళ్ళతో చెబుతూ ఉంటుంది. ఆ స్థానం పేరు పాయింట్ గార్డ్. దీనికి తెలుగులో మాట లేదు, నేనైతే సూత్రధారి అంటాను. బుట్టలో వేసినవాళ్ళకి పాయింట్లు వస్తాయి, వెయ్యడానికి వీలుగా బంతి అందించినవాళ్ళకి ‘అసిస్ట్’ అని వేరే లెక్క ఉంటుంది. మంచి పాయింట్ గార్డ్ గొప్పతనం ఎక్కువగా ఈ రెండో లెక్కలోనే తెలుస్తుంది.

ఇప్పుడు ప్రపంచంలో అందరికీ తెలిసిన పాయింట్ గార్డుల్లో ఒకరు అమెరికాకి చెందిన కైట్లిన్ క్లార్క్. పుట్టింది 2002లో, అంటే మనకి అక్క వయసు. 2024 ఏప్రిల్‌లో ఆ దేశపు మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యుఎన్‌బిఏలో ఇండియానా ఫీవర్ జట్టు ఆమెను అందరికంటే ముందు ఎంచుకుంది. మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. మన లెక్కలో 60 లక్షల పైమాటే కాబట్టి మన కళ్ళకి పెద్దదే. కానీ అంతకుముందు ఏడాది మగవాళ్ళ లీగ్‌లో ఇలాగే మొదట ఎంపికైన కుర్రాడు విక్టర్ వెంబన్యామాకి మొదటి ఏడాదే కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. అదీ తేడా.

అదే నెలలో ఇంకో వార్త వచ్చింది. నైకీ కంపెనీ ఆమెతో ఎనిమిదేళ్ళకి 2 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం చేసుకుంటోందని, ఆమె పేరుతో బూట్లు కూడా తెస్తుందని పత్రికలు రాశాయి. ఏడాదికి 35 లక్షల డాలర్లు. భాగించి చూశాను, ఆటకిచ్చే జీతానికి దాదాపు 45 రెట్లు! ఆడినందుకు వచ్చేదానికీ, ఆడుతుందని పేరొచ్చినందుకు వచ్చేదానికీ ఇంత దూరం ఎందుకుంది?

జీతం సంగతి ముందు చూద్దాం. ఆ లీగ్ 1997లో మొదలైంది. కొత్తగా వచ్చేవాళ్ళకి ఎంతివ్వాలో యాజమాన్యానికీ ఆటగాళ్ళ సంఘానికీ మధ్య 2020లో కుదిరిన ఒప్పందం ముందే రాసిపెట్టేసింది. ఎన్నో నంబరులో ఎంపికైతే అంత, అంతే. ఆమె వల్ల ఎన్ని టిక్కెట్లు అమ్ముడైనా ఒక్క డాలరు పెరిగేది కాదు. అమ్ముడయ్యాయా అంటే, 2023లో ఇండియానా సొంత మ్యాచ్‌లకి సగటున నాలుగు వేల చిల్లర మంది వచ్చేవాళ్ళు. 2024లో అది 17 వేలు దాటింది.

ఆమెకంటే ముందు తరం వాళ్ళకి ఈ లోటు తీరే దారి ప్రకటనలు కూడా కాదు, రష్యా. అమెరికాలో సీజన్ అయిపోగానే విమానం ఎక్కి చలికాలమంతా అక్కడి క్లబ్బులకి ఆడేవాళ్ళు. సియాటిల్ జట్టు పాయింట్ గార్డ్ స్యూ బర్డ్ ఐదు ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచిన మనిషి, ఆమె కూడా ఏళ్ళ తరబడి మాస్కోలో ఆడింది. డయానా టౌరాసీ కథ ఇంకా విచిత్రం. రష్యా క్లబ్బు ఆమెకి డబ్బిచ్చి, 2015లో అమెరికాలో ఆడకుండా విశ్రాంతి తీసుకోమంది, ఆమె సరేనంది. 2022 ఫిబ్రవరిలో బ్రిట్నీ గ్రైనర్ అలా ఆడడానికే వెళ్తూ మాస్కో విమానాశ్రయంలో అరెస్టై, డిసెంబరు దాకా నిర్బంధంలో ఉంది. (మన దగ్గర ఆటకి బతుకుతెరువు అంటే రైల్వే ఉద్యోగం. మన ఊళ్ళో దక్షిణ రైల్వేకి ఆడిన గీతూ అన్నా జోస్ 2011లో ఈ లీగ్ జట్ల ట్రయల్స్‌కి కూడా వెళ్ళొచ్చారు.)

క్లార్క్‌కి రష్యా అవసరం రాలేదు. కారణం, 2021 జూలైలో మారిన ఒక నియమం. అంతకుముందు అమెరికాలో కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, ముఖం వాడుకుని ఒక్క పైసా సంపాదించకూడదు. టీవీ వాళ్ళు, కాలేజీలు మాత్రం సంపాదించుకోవచ్చు! ఆ నియమం పోయేసరికి ఆమె అయోవా విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది చదువు పూర్తి చేసింది. ఇంకా విద్యార్థినిగా ఉండగానే ఇన్సూరెన్స్ కంపెనీకీ, కూల్‌డ్రింకు కంపెనీకీ ప్రకటనలు చేసింది. ఇంతకీ డిగ్రీలో ఆమె చదివింది ఏమిటో తెలుసా? మార్కెటింగ్!

కానీ ఆట లేకుండా ముఖం అమ్ముడుపోదు కదా. ఆడవాళ్ళ విషయంలో చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది, ఆట కన్నా ముందు అందం గురించి రాస్తారు. క్లార్క్ విషయంలో జనం చూసింది ఆటనే. కోర్టు మధ్యలో ముద్రించిన లోగో దగ్గర నిలబడి, ఇంకెవరైనా అయితే పాస్ ఇచ్చేచోట, నేరుగా బుట్టలోకి వేసేస్తుంది. వెయ్యబోతుందని దగ్గరికొస్తే పాస్ ఇచ్చేస్తుంది. కాలేజీలో నాలుగేళ్ళకి 3,951 పాయింట్లు, అక్కడి డివిజన్-1 పోటీల్లో మగవాళ్ళెవరూ అన్ని వెయ్యలేదు. జాతీయ కప్పు మాత్రం గెలవలేదు, రెండేళ్ళు వరసగా ఫైనల్లో ఓడిపోయింది. అయినా ఆ రెండో ఫైనల్‌ని టీవీలో సగటున కోటీ 89 లక్షల మంది చూశారు. ఆ ఏడాది మగవాళ్ళ ఫైనల్‌కి కోటీ 48 లక్షలే.

ప్రొఫెషనల్‌గా మొదటి ఏడాది 337 అసిస్టులు, అప్పటికి లీగ్‌లో రికార్డు. బంతి పోగొట్టుకోవడంలో కూడా రికార్డే, 223 సార్లు. అభిమానులు ఈ రెండోది చెప్పరు. ఎప్పుడూ బంతి చేతిలో ఉండేవాళ్ళకి రెండూ కలిసే వస్తాయి.

ఇక అందరూ మొహమాటపడే విషయం. ఈ లీగ్‌లో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు. క్లార్క్ ఒప్పందం వార్త వచ్చేనాటికి ఏజా విల్సన్ రెండుసార్లు లీగ్ అత్యుత్తమ క్రీడాకారిణి, రెండు కప్పులు గెలిచింది. ఆమె పేరుతో మాత్రం బూట్లు లేవు. సొంత బూట్లున్న బ్రియానా స్టూవర్ట్, సబ్రినా ఐయొనెస్కు తెల్లవాళ్ళు. ఇందులో రంగుకి పాత్ర ఉందని విల్సన్ బాహాటంగానే చెప్పింది. ఆమె బూట్లు 2025 మేలో గానీ బజారులోకి రాలేదు. తెల్లమనిషిని కావడం నాకు కలిసొచ్చిందని, ఈ లీగ్‌ని నిలబెట్టింది నల్లజాతి క్రీడాకారిణులని 2024 చివర్లో క్లార్క్ కూడా ఒప్పుకుంది. అలా అన్నందుకు ఆమె అభిమానుల్లోనే కొందరు తిట్టారు. ఒప్పుకోవడం వల్ల లెక్క మారదు గానీ, ఒప్పుకోకుండా ఉండడం కన్నా మేలే అని నాకనిపిస్తుంది.

2025 ఆల్‌స్టార్ మ్యాచ్‌కి గార్డుల ఎంపికలో అభిమానులు ఆమెను మొదటి స్థానంలో పెట్టారు. తోటి ఆటగాళ్ళు తొమ్మిదో స్థానంలో పెట్టారు. అసూయ అన్నవాళ్ళున్నారు. దానికి ముందు గాయాలతో ఆమె చాలా మ్యాచ్‌లు ఆడలేదు, అది కూడా చూడాలి. ఆ మ్యాచ్‌కి ముందు వార్మప్‌లో ఆటగాళ్ళంతా ‘మాకు బాకీ ఉన్నది మాకివ్వండి’ అని రాసిన చొక్కాలు వేసుకొచ్చారు. జీతాల ఒప్పందం మళ్ళీ రాసుకునే చర్చలు అప్పుడు నడుస్తున్నాయి. ఆమె వచ్చాక స్టేడియంలు నిండాయి, 2024లోనే జట్లన్నిటికీ ప్రత్యేక విమానాలు వచ్చాయి, కానీ అప్పటికి ఎవరి జీతమూ ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటలేదు.

ఆ సీజన్‌లో క్లార్క్ 13 మ్యాచ్‌లే ఆడింది. ఆమె బదులు ఆడినవాళ్ళలో ఇద్దరు ఆగస్టులో ఒకే మ్యాచ్‌లో గాయపడ్డారు. దాంతో ఆటగాళ్ళు తక్కువైనప్పుడు జట్లకి అనుమతించే తాత్కాలిక ఒప్పందం మీద ఒడిస్సీ సిమ్స్‌ని తెచ్చుకున్నారు. బంతి ఆమె చేతికొచ్చింది. జట్టు సెమీఫైనల్స్ దాకా వెళ్ళి, ఐదో మ్యాచ్‌లో, అదీ అదనపు సమయంలో ఓడిపోయింది. గెలిచింది ఏజా విల్సన్ జట్టు.